బియనాలేలో బెల్లం దిమ్మలు

రెండువేల ఆరో సంవత్సరం డిసెంబరు రెండో శనివారం సాయంత్రం నాలుగు గంటలకు అనకాపల్లి విశ్రాంత ఉద్యోగుల సంఘం హాలులో హాజరైనవారు, కూర్చున్న వరుసలో: వేదిక మీద నడిమి కుర్చీలో సంఘ కార్యదర్శి, రిటైర్డ్ సబ్ రిజిస్ట్రారు త్రినాధరావు, ఆయనకు కుడివైపున ఆనాటి సన్మానగ్రహీత, ముప్పై నాలుగేళ్లు ఇంగ్లీషు బోధించి ప్రిన్సిపాలుగా పదవీ విరమణ చేసిన వరప్రసాదరావు, ఎడమవైపున కోశాధికారి, రిటైర్డ్ రైల్వే గార్డు బెన్‌హర్. కింద మొదటి వరుసలో వరప్రసాదరావు భార్య దీనా, ఆమె పక్కన రిటైర్డ్ హెడ్ నర్సు లూర్దు మేరీ. ఆ వెనక నాలుగు వరుసల్లో ముప్పై ఒక్క మంది సభ్యులు. ఆఖరి వరుసలో, గుమ్మం పక్కన, రావికమతం నుంచి వచ్చిన చెరకు రైతు నూకరాజు. అతని వెనక, కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చోకుండా గోడకు ఆనుకుని నిలబడిన అతని భార్య చిన్నమ్మలు.

ప్రతి సమావేశపు నివేదికా హాజరైనవారి పేర్లతో, కూర్చున్న క్రమంలో మొదలుకావాలన్నది వరప్రసాదరావు పెట్టిన నియమం. మినిట్స్ పుస్తకం రాసేదీ ఆయనే, అదీ ఇంగ్లీషులోనే. తొమ్మిదేళ్ల పుస్తకంలో ఒక్క కొట్టివేత లేదు. ఎవరెక్కడ కూర్చోవాలో ముందుగా కాగితం మీద రాసి ఇవ్వడం కూడా ఆయన అలవాటే. ఆనాటి కాగితంలో మాత్రం నూకరాజు దంపతుల పేర్లు లేవు. వాళ్లను త్రినాధరావు చివరి నిమిషంలో పిలిపించాడు. ఎందుకు పిలిపించాడో మధ్యాహ్నం తెలిసింది మొదలు వరప్రసాదరావుకు అన్నం సయించలేదు.

అద్దం బిగించిన సన్మానపత్రంలో రాసిన కారణం ఇది: విదేశంలో అధికారుల చేతికి చిక్కిన సాటి యాత్రికురాలిని తన ఆంగ్ల భాషా పాండిత్యంతో విడిపించినందుకు. ఆ యాత్రికురాలు చిన్నమ్మలు. కృతజ్ఞతగా ఆమె చేతనే శాలువా కప్పించాలన్నది త్రినాధరావు ఆలోచన.

"ఆవిడ చేతే కప్పిస్తారట," అంది దీనా మధ్యాహ్నం కోటు ఇస్త్రీ చేస్తూ. "ఆవిడ పొట్టి మనిషి. మీరే కొంచెం వంగాలి."

సన్మానపత్రంలో ఉన్నది అబద్ధమని అనకాపల్లి మొత్తంలో ముగ్గురికే తెలుసు. ఒకరు ఆయన, రెండోవారు దీనా, మూడోది శాలువా కప్పబోయే మనిషి.

*

అక్టోబరులో సంఘం తరఫున సింగపూరు యాత్ర జరిగింది. విశాఖపట్నంలోని ట్రావెల్స్ వాడు ఇరవై మంది ఉంటేనే ఆ రేటు ఇస్తానన్నాడు. సంఘంలో పద్ధెనిమిది మందే తేలారు. లోటు పూడ్చడానికి త్రినాధరావు తనకు వరసకు బావ అయిన నూకరాజునూ, అతని భార్యనూ చేర్చాడు. వరప్రసాదరావు అభ్యంతరం చెప్పాడు, లిఖితపూర్వకంగా. విశ్రాంత ఉద్యోగుల యాత్రలో ఉద్యోగమే చేయనివాళ్లు ఏ ప్రాతిపదికన వస్తారని ఆయన ప్రశ్న. ఆ కాగితం మీద త్రినాధరావు "చూడబడినది" అని రాసి సంతకం పెట్టి ఫైలులో పడేశాడు.

ఆ యాత్రలో వరప్రసాదరావు స్థానమేమిటో అందరికీ తెలిసిందే. ఇరవై మందికి నోరు ఆయనే. విమానంలో మంచినీళ్లు కావాలన్నా, హోటల్లో తలుపు తెరుచుకోకపోయినా, లూర్దు మేరీ బీపీ బిళ్ల పేరు మందుల షాపులో చెప్పాలన్నా ఆయనే చెప్పాలి. చెప్పేవాడు, ఒక్కో మాటా తూకం వేసినట్టు. చెబుతూనే ఈ మందను దేశం దాటించడం తన దౌర్భాగ్యమని లోలోపల విసుక్కునేవాడు. రైలు కూతవేసినట్టు బెన్‌హర్ వీధిలో పిలిచే కేకలు, హోటలు గదిలో తెరిచిన ఆవకాయ సీసాలు, రంగు రంగుల సంచులు, ఇవన్నీ ఆయనకు తలవంపులుగా ఉండేవి. ఎదురొచ్చే తెల్లవాళ్లు తనను కూడా వీళ్లలో ఒకడిగా లెక్కేస్తున్నారన్న అనుమానం ఆయనను నిలువనిచ్చేది కాదు. అందుకని గుంపుకు పది అడుగులు ముందు నడిచేవాడు.

మూడోరోజు పక్షుల పార్కు చూడాల్సింది. తెల్లవారుజాము నుంచి కుండపోత. ట్రావెల్స్ వాడి తరఫు గైడు, ఒక తమిళ యువకుడు, బస్సు ఎక్కి చేతులెత్తేశాడు. పక్షులు ఈ వానలో కనిపించవు, ఊళ్లో రెండేళ్లకొకసారి జరిగే పెద్ద కళాప్రదర్శన ఇప్పుడే నడుస్తోంది, దాన్ని బియనాలే అంటారు, దారిలో మూడు ఆర్టు గ్యాలరీలు కూడా ఉన్నాయి, అన్నీ కప్పు కిందే, అన్నాడు. వరప్రసాదరావు అనువదించాడు.

"ఏసీ ఉంటాదా?" అని అడిగాడు బెన్‌హర్.

"ఉంటుంది."

"అయితే పదండి. ఏసీ ఉంటే బొమ్మల కొలువైనా ఒకటే, పక్షులైనా ఒకటే."

వరప్రసాదరావు మాత్రం మనసులో సంతోషించాడు. ఇన్నాళ్లకు ఈ యాత్రలో తనకు తగిన పని దొరికింది. కాలేజీ లైబ్రరీలో కెనడా మిషనరీ దొరగారు విడిచిపోయిన పెద్ద బొమ్మల పుస్తకం ఉండేది. ఇటలీ చర్చిల గోడల మీది చిత్రాలు, డచ్చివాళ్ల పాలజాడీలు, కిటికీలు. ఆ పుస్తకాన్ని ముప్పై ఏళ్లపాటు చేతులు కడుక్కుని మరీ తిప్పినవాడాయన. చిత్రకళ అంటే ఏమిటో అనకాపల్లిలో మాట్లాడగలిగిన మనిషి తానొక్కడే అన్నది ఆయన అభిప్రాయం. ఆ అభిప్రాయాన్ని ఖండించగలవాడు అనకాపల్లిలో లేకపోవడం వల్ల అది నిజమే అయి ఉండవచ్చు.

మొదటి గ్యాలరీలో ఒక తెల్ల గుడ్డ బిగించి ఉంది. దాని మీద ఏమీ లేదు. రెండోదాంట్లో లారీ టైరు ఒకటి గొలుసుతో వేలాడదీశారు. మూడోదాంట్లోకి అడుగుపెట్టేసరికి బల్ల వెనక కూర్చున్న పిల్ల లేచి వీళ్ల తడి చెప్పుల వంక చూసి, మళ్లీ కూర్చుంది. కూర్చోమని ఒక్క మాట లేదు.

"ఈ గుడ్డకి సున్నం కొట్టి ఆపీసేరేటండీ, మేస్టారూ?" అంది లూర్దు మేరీ.

"మన మునిసిపాలిటీ గోడే నయం. కనీసం ‘ఇచట మూత్రము పోయరాదు’ అనైనా ఉంటాది," అన్నాడు బెన్‌హర్. అందరూ నవ్వారు.

వరప్రసాదరావుకు ఆ గుడ్డ మీద ఎంత అసహ్యం కలిగిందో ఆ నవ్వు మీద అంతే కలిగింది. ఈ చెత్తను చూసి నవ్వే హక్కు తనకుంది, అసలు బొమ్మలు ఎరిగినవాడు కాబట్టి. వీళ్లకేం హక్కు? వీళ్లు ఆ ఇటలీ చిత్రాల ముందు నిలబడినా ఇలాగే నవ్వుతారు.

బియనాలే ఒక పాత గిడ్డంగిలో పెట్టారు. మొదటి గదిలో నలభై టీవీలు. అన్నింటిలోనూ ఒకే మనిషి నిద్రపోతున్నాడు. రెండో గదిలో వస్తువే లేదు, ఎక్కడో ఈగ తిరుగుతున్నట్టు సన్నని రొద మాత్రం వినిపిస్తోంది. మూడో గదిలో పాత చెప్పుల గుట్ట. ప్రతి గది గుమ్మం దగ్గరా ఒక అట్ట మీద ఇంగ్లీషులో వివరణ ఉంది. పదిమంది టీవీల దగ్గరే బెంచీల మీద చతికిలబడి వాళ్లూ కునుకు తీశారు. మిగిలినవాళ్లు నవ్వుకుంటూ దాటిపోయారు. ఒక్క చిన్నమ్మలు మాత్రం ప్రతి గదిలోనూ నిలబడింది. బండి దిగిన చెరకు మోపులు లెక్కచూసుకునే మనిషిలా కళ్లు చిట్లించి ప్రతిదీ చూసింది. చూసి, ప్రతిసారీ ఆయన్నే అడిగింది.

"ఏటి రాసేరండీ, మేస్టారూ?"

మొదటి అట్ట ఆయన చదివి చెప్పాడు. రెండోది చదివి, అందులో సగం తానే కల్పించి చెప్పాడు. ఆ ఇంగ్లీషు ఆయన ఎరిగిన ఇంగ్లీషు కాదు. ప్రతి పదానికీ అర్థం తెలుసు. పక్కపక్కన పెడితే మాత్రం ఏ అర్థమూ రావడం లేదు. లేమి యొక్క ఉనికి అట, స్థలంతో కాలం జరిపే సంవాదం అట. ఇటువంటి వాక్యాలు పరీక్షలో రాసిన కుర్రాళ్ల పేపర్ల మీద ఆయన ఎర్ర సిరాతో అడ్డగీత కొట్టేవాడు. ఇక్కడ వాటినే అట్ట మీద అచ్చు వేసి గోడకు తగిలించారు.

"చెప్పులు అని రాశారు," అన్నాడు మూడోసారి అడిగినప్పుడు.

"సెప్పులని నాకూ తెలిసిందండి," అంది చిన్నమ్మలు వినయంగానే.

దీనా గొంతు సవరించుకుంది.

నాలుగో గది పొడవుగా, తక్కువ ఎత్తు కప్పుతో ఉంది. పక్కతలుపు తెరిచి ఉండి వాన గాలి లోపలికి కొడుతోంది. గది నడుమ అడ్డంగా ఒక గోడ కట్టారు. ఇటుకలతో కాదు, బెల్లం దిమ్మలతో. వందదాకా ఉంటాయి, ఒకదాన్నొకటి ఆనించి నడుమెత్తున పేర్చారు. గాలిలోని తేమకు అవన్నీ చెమర్చి మెరుస్తున్నాయి. అడుగు వరుసలో దిమ్మలు మూలలు కరిగి, నల్లని పాకం నేల మీద సన్నని కాలువగా పారుతోంది.

"ఓలమ్మ, బెల్లవే!" అంది చిన్నమ్మలు.

నూకరాజు ముందుకు వంగి వాసన చూశాడు. "మనది కాదు. పాకం ముదరకండా దింపీసేరు. ఉప్పునేల సెరుకు కూడానేమో."

"సముద్రం దాటొచ్చినా ఈ వాసన మనల్ని వదల్లేదు కదా, బావా," అన్నాడు త్రినాధరావు. ఇద్దరూ నవ్వుకుంటూ బీడీకి తావు వెతుక్కుంటూ బయటికి నడిచారు.

చిన్నమ్మలు కదల్లేదు. ఆమె ముఖంలో ఆందోళన కనిపించింది. "సెమర్సీసింది. ఇలాగ ఒకదాని మీదొకటి ఆన్చీసి ఉంచితే పొద్దుగూకేలోపల అంతా జారిపోద్ది. ఏటి రాసేరండీ, మేస్టారూ? ముట్టుకోవచ్చునా?"

వరప్రసాదరావు అట్ట ముందు నిలబడ్డాడు. పన్నెండు పంక్తులు. మొదటి వాక్యమే ఏడు పంక్తులు సాగింది. అందులో క్రియ ఎక్కడుందో ఆయనకు దొరకలేదు. మూడుసార్లు చదివాడు. వాక్యంలో కర్త, కర్మ, క్రియ విడదీసి చూపించమని ముప్పై నాలుగేళ్లు పిల్లలను నిలబెట్టి అడిగినవాడు, ఆ వాక్యం ముందు బెంచీ ఎక్కిన పిల్లవాడిలా నిలబడ్డాడు. వెనక ఆ మనిషి వేచి ఉంది. కింద ఇంకా ఐదు పంక్తులు ఉన్నాయి. ఆయన వాటిదాకా వెళ్లలేదు.

"ఏమీ లేదు," అన్నాడు. "బెల్లం అని రాశారు."

"ముట్టుకోవచ్చునా మరి?"

"నిరభ్యంతరంగా. ముట్టుకుంటే చెడిపోవడానికి ఇందులో ఏముంది?"

ఆ మాట అనడంలో ఆయనకు తృప్తి కూడా కలిగింది. ఆ గోడ కట్టినవాళ్ల మీదా, ఆ అట్ట రాసినవాళ్ల మీదా ఒకేసారి ఉమ్మినట్టయింది. దీనాను తీసుకుని పక్కగదిలోకి నడిచాడు.

అనకాపల్లి చుట్టుపక్కల బెల్లం వండేవాళ్లలో ఒక రివాజు ఉంది. మార్కెట్ యార్డులో గానీ, ఎవరి వాకిట్లో గానీ దిమ్మలు చెమర్చడం కంటపడితే సొంతదారు కోసం చూడరు. చూసినవాళ్లే చేయి వేస్తారు. తడిసినవి విడదీస్తారు, గాలి ఆడేట్టు నిలువుగా నిలబెడతారు, కింద గడ్డో చెరకాకో తోస్తారు. ఎవరిదని అడగరు, చేశామని చెప్పరు. చూసి ఊరుకున్న మనిషిని మాత్రం ఊళ్లో చాలాకాలం తలుచుకుంటారు. చిన్నమ్మలు పుట్టింది, పెరిగింది, మెట్టింది ఆ గానుగల మధ్య. ఆమెకు అనుమతి కావలసింది కూడా పరాయిదేశం కాబట్టే. ఆ అనుమతి ఇంగ్లీషు చదివిన మనిషి నోటి నుంచే వచ్చింది.

పక్కగదిలో వరప్రసాదరావు దీనాకు కళల పతనం గురించి చెబుతుండగా కేకలు వినిపించాయి.

తిరిగి వచ్చి చూస్తే గోడ సగం లేదు. నలభైకి పైగా దిమ్మలు నేల మీద వరుసగా, జానెడు దూరంలో ఒక్కొక్కటి, నిలువుగా నిలబడి ఉన్నాయి. ఒక్కోదాని కింద మడతపెట్టిన కాగితం. గుమ్మం దగ్గర ఉచితంగా పెట్టిన రంగుల పుస్తకాలన్నీ అందుకు ఖర్చయ్యాయి. పాకం పారే కాలువకు అడ్డంగా, పక్కతలుపు దగ్గర కాళ్లు తుడుచుకోవడానికి వేసిన గోనెపట్టా. నడుమ చిన్నమ్మలు చీర కుచ్చెళ్లు ఎగదోపి, ఒక దిమ్మను బిడ్డలా పొట్టకానించుకుని, పైటతో దాని ఒళ్లు తుడుస్తోంది. ఎదురుగా ఇద్దరు కాపలావాళ్లు చేతులు చాచి అరుస్తున్నారు. ఆమెకు ఆ భాష తెలియక, సాయం పట్టడానికి వచ్చారేమో అనుకుని, చేతిలోని దిమ్మను వాళ్లకు అందివ్వబోయింది.

నిమిషంలో ఫైలు పట్టుకుని ఒక యువతి వచ్చింది. ఆ బెల్లం రెండు నెలలపాటు కరిగి కరిగి నేలలో కలిసిపోవాలట. కరగడమే కళ అట. ఈవిడ దాన్ని కరగకుండా ఆపింది. అది కళాఖండానికి నష్టం. ఫారం నింపాలి. ఆవిడకు భాష రాదు కాబట్టి అనువదించేవారు కావాలి.

"నేనున్నాను," అన్నాడు వరప్రసాదరావు. అలవాటుగా అనేశాడు.

యువతి ముందుగా అట్ట చూపించింది. పన్నెండో పంక్తిలో, చిన్న అక్షరాల్లో, చక్కటి పాత ఇంగ్లీషులో, క్రియతో సహా ఉంది: దయచేసి తాకవద్దు.

ఆ తర్వాత ఫారంలోని ప్రశ్న చదివింది. తాకవచ్చునని ఆమెకు ఎవరైనా చెప్పారా?

దాన్ని తెలుగు చేయవలసింది ఆయనే. గదిలో అప్పటికే త్రినాధరావు, బెన్‌హర్, నూకరాజు అందరూ పోగయ్యారు. దీనా ఆయన మోచేతి పక్కనే ఉంది.

"ముట్టుకోవచ్చునని నీకు ఎవరైనా చెప్పారా అని అడుగుతున్నారు," అన్నాడు ఆయన. గొంతు మామూలుగానే వచ్చింది.

చిన్నమ్మలు ఆయన ముఖంలోకి చూసింది. ఎక్కువసేపు కాదు.

"ఎవులూ సెప్పలేదండి. నాకే తెలీక సేసేను."

ఆయన ఆ వాక్యాన్ని ఇంగ్లీషులోకి మార్చాడు. ఎక్కడా పొల్లుపోకుండా మార్చాడు. అంతటితో ఆగలేదు. నిరక్షరాస్యురాలైన ఒక గ్రామీణ స్త్రీ అజ్ఞానాన్ని పెద్దమనసుతో మన్నించమని, సంస్కృతి తెలియనివారిని వెంట తెచ్చినందుకు తాము సిగ్గుపడుతున్నామని మూడు వాక్యాలు చేర్చాడు. మూడూ అచ్చుకు ఇవ్వదగినవి. యువతి కలం ఆపి, మీ ఇంగ్లీషు ఎంతో బాగుంది సార్ అంది.

ఆ క్షణంలో ఆ మెచ్చుకోలు ఆయనకు బాగానే అనిపించింది. సింగపూరు మొత్తంలో ఆయన తరువాత క్షమించలేకపోయిన విషయం అలా అనిపించడమొక్కటే. తెల్ల గుడ్డా కాదు, టైరూ కాదు.

చిన్నమ్మలును గోడకు నిలబెట్టి ఫోటో తీశారు. ఫారం మీద సంతకం పెట్టించారు. ఆమె చిన్న బడి అక్షరాలతో తన పేరు రాసింది. ఇక ఆ ఆవరణలోకి రాకూడదన్నారు. మిగిలినవాళ్లు తక్కిన గదులు చూసి వచ్చేదాకా, రెండు గంటలు, బస్సులో ఒంటరిగా కూర్చుంది.

"జైల్లో ఎట్టరు కదండీ, మేస్టారూ?" అని మాత్రం దిగేటప్పుడు అడిగింది.

"పెట్టరు. నేను మాట్లాడాను కదా," అన్నాడాయన.

కళ్లజోడు హోటల్లో మరిచిపోయానని దీనాతో చెప్పాలని ఆ సాయంత్రం ఆయనకు ఒకసారి అనిపించింది. కళ్లజోడు ముక్కు మీదే ఉంది.

*

"ఆ తెల్లమ్మాయి, మన మేస్టారి ఇంగ్లీషు వినేసరికి, కలం కింద పడేసింది!" అంటున్నాడు త్రినాధరావు మైకులో. హాలులో చప్పట్లు. ఆ అమ్మాయి తెల్లమ్మాయి కాదు, కలం కింద పడలేదు. రెండు నెలల్లో ఆ కథకు చాలా చేర్పులు జరిగాయి. వాటిలో ఎక్కువ భాగం బెన్‌హర్ చలవే. బెల్లం మార్కెట్ ఎదురుగా టీ బడ్డీ దగ్గర రోజుకొకసారైనా చెప్పేవాడు. ఇప్పుడు వేదిక మీద లేచి అభినయం కూడా మొదలుపెట్టాడు. పొట్టకు ఫైలు ఆనించుకుని తుడిచాడు. కాపలావాళ్లకు అందించాడు. ఫోటో కోసం గోడకు నిలబడి కళ్లు మిటకరించాడు. లూర్దు మేరీ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది.

"ఏటి నూకరాజూ!" అని కేకేశాడు బెన్‌హర్. "మీ ఆవిడ ఇప్పుడైనా ఎవరిదైనా బెల్లం ముట్టుకుంటాదా?"

"ఏటి ముట్టుకుంటాదండీ బాబూ!" నూకరాజు నవ్వుతూనే లేచాడు. "మొన్న పెళ్లిలో పానకం బెల్లం కొడతంటే పిల్లలు ‘పెద్దమ్మా ముట్టకు, ఫోటో తీసేత్తారు’ అని గోల. అదలాగుంచండి. కిందటి నెల ముసురులో, యార్డులో పక్కోళ్ల దిమ్మలు నీరు కారిపోతన్నాయి. ఇది అక్కడే నిలబడుంది. సూసింది. సెయ్యెయ్యనేదు! పుట్టి బుద్దెరిగాక దీన్నలాగ నేనెప్పుడూ సూళ్లేదండి. ఆళ్లు ఇప్పుడు మాతో మాటాడ్డం మానీసేరు."

ఇంకా పెద్ద నవ్వు లేచింది. వరప్రసాదరావు ఆ నవ్వులో లేడు. బల్ల మీది శాలువాను చూస్తున్నాడు. పట్టు అని చెప్పి తెచ్చిన పాలియెస్టరు. అంచుకు అంటించిన జరీ.

ఈ హాలులో తాను గౌరవించే మనిషి ఒక్కడూ లేడని ఆయన తొమ్మిదేళ్లుగా అనుకుంటూ వచ్చాడు. ఇవాళ మరోసారి వరుసగా చూశాడు. దస్తావేజుల భాష తప్ప మరో భాష రాని త్రినాధరావు. జెండా ఊపడం తప్ప మరో విద్య లేని బెన్‌హర్. చివరగా, కొత్తగా ఇస్త్రీ చేసిన కోటులో తాను. ఆ చివరి పేరు దగ్గర ఆయన చూపు ఆగింది.

"శ్రీమతి చిన్నమ్మలు గారిని వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాం," అన్నాడు త్రినాధరావు.

ఆమె చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, కుర్చీల నడుమ నుంచి తల వంచుకుని వచ్చింది. బెన్‌హర్ శాలువా ఆమె చేతుల్లో పెట్టాడు. దాన్ని ఎటు విప్పాలో తెలియక తడుముకుంది. మొదటి వరుసలో దీనా చేతులు ఒడిలో పెట్టుకుని భర్త వంకే చూస్తోంది.

వరప్రసాదరావు లేచాడు. వంగలేదు. మైకుకు ఎడంగా జరిగి, గొంతు తగ్గించి అడిగాడు.

"చిన్నమ్మలూ. ఆ రోజు నా పేరు ఎందుకు చెప్పలేదు?"

ఆమె శాలువా మడత మీంచి కళ్లెత్తింది.

"సెప్తే మిమ్మల్ని కూకోబెట్టీసీవోరు కదండీ. ఇరవై మందికీ నోరు మీరే. మీరాగిపోతే మమ్మల్నందర్నీ ఇంటికెవులు తెత్తారు?"

"అంతేనా?"

"ఇంకోటి కూడానండి. మీకు ఆ రాత సదవడం రానేదని నాకప్పుడే తెలిసింది. మీ కళ్లు పైనే తిరిగేయి గానీ కిందికి దిగనేదు. రాదని మీరు అన్లేరు. ఆళ్లు కూడా సూసేరంటే మీకు మరీ సిన్నతనం. నాకేటుందండి, నాకు సదువు రాదని అందరికీ తెలిసిందే కదా."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. చెమర్చిన దిమ్మ గురించి చెప్పినట్టే చెప్పింది. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఏ ఇన్‌స్పెక్టరూ వరప్రసాదరావు గురించి ఇంత సరైన రిపోర్టు రాయలేదు.

"కప్పవమ్మా, కప్పు," అన్నాడు త్రినాధరావు. "ఫోటో తీస్తారు... మళ్లీ ఫోటో అంటే భయపడతాదేమో!"

హాలు ఘొల్లుమంది.

వరప్రసాదరావు ఆమె చేతిలోని శాలువా తీసి బల్ల మీద పెట్టాడు. మైకు ముందుకు వచ్చాడు. నవ్వు ఆగేదాకా నిలబడ్డాడు. ఆయన నిలబడితే ఆగుతుంది, అది మొదటి నుంచీ ఉన్నదే.

"సన్మానపత్రంలోని వాస్తవాలు తప్పు," అన్నాడు. "ఆ బెల్లం తాకవచ్చునా అని ఈమె నన్ను అడిగింది. అట్ట మీద రాసింది నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని చెప్పడానికి అహం అడ్డొచ్చి, పూర్తిగా చదవకుండానే, నిరభ్యంతరంగా తాకవచ్చునని చెప్పాను. నా భార్య సాక్షి. తరువాత అధికారులు అడిగినప్పుడు ఈమె ఆ నేరం తన మీద వేసుకుంది. ఆ అబద్ధాన్ని ఇంగ్లీషు చేసినవాడిని నేనే. పైగా ఈమెను నిరక్షరాస్యురాలని, అజ్ఞాని అని వర్ణించాను. ఆ విశేషణాలు ఆ సమయంలో ఆ గదిలో ఎవరికి వర్తిస్తాయో మీరే ఆలోచించండి."

లూర్దు మేరీ నవ్వుతున్న నోటిని కొంగుతో కప్పుకుంది.

"మేస్టారు జోకేత్తన్నారు," అన్నాడు బెన్‌హర్ నీరసంగా.

"నేను జోకులు వేయనని మీకు తెలుసు."

"అది కాదు మేస్టారూ," త్రినాధరావు ఆయన చెవి దగ్గరికి వంగాడు. "పత్రం అచ్చయిపోయింది. శాలువా కూడా కొనేసేం. ఇప్పుడు దీన్నేటి సేస్తాం?"

"దుకాణంలో తిరిగి ఇచ్చేయండి. అది పట్టు కాదు."

నూకరాజు నిలబడే ఉన్నాడు. అతని నవ్వు ముఖం మీద సగంలో ఆగిపోయింది. "మరి నాతోనైనా సెప్పాలి గదే!" అన్నాడు భార్యతో, అంతదూరం నుంచే, అందరూ వింటుండగా.

"నువ్వు అడిగేవేటి?" అంది చిన్నమ్మలు వేదిక మీంచే. "అందరితోటీ కలిసి నవ్వేవు."

ఈసారి నవ్వింది దీనా ఒక్కతే. లేచి, వేదిక మెట్ల దాకా వచ్చి, చిన్నమ్మలు చెయ్యి పట్టుకుని దింపి, మొదటి వరుసలో తన కుర్చీ చూపించింది. చిన్నమ్మలు కూర్చోలేదు. "దిమ్మలు బైటే ఉన్నాయమ్మా, మబ్బు ఎట్టింది, ఎల్లాల," అంది. అన్నాక కూడా వెళ్లలేదు. ఆయన ఏం చేస్తాడో చూద్దామన్నట్టు నిలబడింది.

వరప్రసాదరావు మినిట్స్ పుస్తకం తెప్పించాడు. కుర్చీలో కూర్చుని కోటు జేబులోంచి కలం తీశాడు. హాజరు పట్టీ అప్పటికే ఇంగ్లీషులో రాసి ఉంది. దాని కింద ఒక అడ్డగీత గీసి, ఆ పుస్తకంలో మొదటిసారిగా తెలుగులో రాయడం మొదలుపెట్టాడు. చదివి వినిపిస్తే ఎవరికి తెలియాలో ఆ మనిషికి అనువాదం అవసరం లేకుండా తెలియాలని ఆయన ఉద్దేశం. చేయి అలవాటు తప్పింది. రెండుచోట్ల కొట్టివేతలు పడ్డాయి. అవి అలాగే ఉంచాడు. రాయడం ముగిశాక లేచి నిలబడి, ఒక్కో మాటా విడివిడిగా, చదివాడు.

"ఈ సంఘం నమోదు చేయునది ఏమనగా: సింగపూరులో మేము చూసిన కళాప్రదర్శన విషయమై నా అభిప్రాయంలో మార్పు ఏమీ లేదు. అయితే ఆ ప్రదర్శనలో కరిగిపోతున్న బెల్లాన్ని, అది ఎవరిదని చూడక, తన ప్రాంతపు రివాజు ప్రకారం కాపాడబోయిన వ్యక్తి రావికమతం వాస్తవ్యురాలు శ్రీమతి చిన్నమ్మలు. ఆమె తప్పు చేయలేదు. తప్పుడు మాట చెప్పిన నన్ను, ఇరవై మంది క్షేమంగా ఇల్లు చేరవలసి ఉన్నదన్న కారణం చేత, తన పేరు మీద మచ్చ వేసుకుని ఆమె కాపాడింది. రెండు నెలలుగా ఆమె భరించిన హేళన న్యాయంగా నాకు చెందవలసినది. ఆమె చేసిన ఈ పనిని అనకాపల్లి విశ్రాంత ఉద్యోగుల సంఘం గౌరవపూర్వకంగా, కృతజ్ఞతతో గుర్తిస్తున్నది. సంతకం, వరప్రసాదరావు."